స్పీకర్ గారి రాజీనామాకు అడ్రస్ ఏది?

లోక్‌సభ స్పీకర్ గారికి ఏదో ఒక ఉదయం రాజీనామా చేయాలని బుద్ధి పుట్టిందనుకోండి. ఆ ఉత్తరం ఎవరికి ఇవ్వాలి? వారం రోజులుగా నాకు ఇదే టెన్షన్. ఇంట్లోవాళ్లు గ్యాస్ బుక్ చేయమన్నా రాజ్యాంగం 94వ అధికరణమే గుర్తొస్తోంది.

ఆ అధికరణం ప్రకారం స్పీకర్ తన రాజీనామాను డిప్యూటీ స్పీకర్‌కు రాయాలి, డిప్యూటీ స్పీకర్ తనది స్పీకర్‌కు రాయాలి. వియ్యాలవారి మర్యాదల్లా ముచ్చటగా ఉంది. చిక్కల్లా రెండో వియ్యంకుడు లేకపోవడమే. 2019 నుంచి 2024 దాకా 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే సంసారం లాగించేసింది. లోక్‌సభ పుట్టాక అలా జరగడం అదే మొదలు. 2024 జూన్‌లో కొత్త సభ వచ్చింది. ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు కలిసి స్పీకర్‌ను కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టారు, ఫొటోలు పడ్డాయి. డిప్యూటీ పదవి మాత్రం ఏడాది దాటినా ఖాళీగానే ఉండిపోయింది.

రాజ్యాంగాన్ని తప్పుపట్టేంతవాణ్ణి కాను. 93వ అధికరణం ఈ ఇద్దరినీ వీలైనంత త్వరగా ఎన్నుకోమంది. వీలు ఎప్పుడు చిక్కుతుందో చెప్పలేదు, అంతే. మా ప్రహరీ గోడ గురించి మేస్త్రీ కూడా ఈ మాటే అన్నాడు. స్పీకర్ ఎన్నికకు తేదీ పెట్టేది రాష్ట్రపతి. డిప్యూటీ ఎన్నికకు తేదీ పెట్టేది స్పీకర్ గారే! తన రాజీనామా పుచ్చుకునే మనిషి ఎప్పుడు రావాలో తానే ముహూర్తం పెట్టుకునే ఉద్యోగం ఇంకోటి నేను చూడలేదు. డిప్యూటీ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం చాలాకాలం ఆనవాయితీ కదా అని కొందరు గొణుగుతారు. పాపం, ఆనవాయితీకి అధికరణం నంబరు లేదు.

పాతరోజుల్లో ఈ బాధ లేదు. 1977లో నీలం సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలి రాష్ట్రపతి అయ్యారు. అప్పటి డిప్యూటీ స్పీకర్ గోడే మురహరి. నంద్యాల ఎంపీ నుంచి విజయవాడ ఎంపీకి ఉత్తరం! కావాలంటే తెలుగులోనే రాసుకోవచ్చు. మురహరి అంతకుముందు రాజ్యసభలో డిప్యూటీ చైర్మన్ కూడా చేశారు. రెండు సభల్లోనూ రెండో కుర్చీ చూసిన మనిషి.

2002 మార్చిలో స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. అదే నెలలో ఉగ్రవాద నిరోధానికి తెచ్చిన పోటా బిల్లు కోసం ఉభయ సభల సంయుక్త సమావేశం వచ్చిపడింది. దానికి అధ్యక్షత వహించాల్సింది స్పీకరే. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ ఆ కుర్చీలో కూర్చున్నారు. బిల్లు ఎన్డీయే ప్రభుత్వానిది, ఆయనదేమో దాన్ని వ్యతిరేకిస్తున్న కాంగ్రెస్. అయినా బిల్లు నెగ్గింది. ఆకాశం విరిగి పడలేదు. ప్రతిపక్షం మనిషిని ఆ కుర్చీలో చూస్తే కొందరికి ఇప్పుడెందుకంత గుబులో మరి.

పెద్దల సభను చూస్తే అసూయ పుడుతుంది. అక్కడ చైర్మన్ ఉపరాష్ట్రపతి, రాజీనామా నేరుగా రాష్ట్రపతికి. 2025 జులై 21 రాత్రి జగదీప్ ధన్‌ఖడ్ గారు రాశారు, మర్నాటికల్లా ఆమోదం. ఎంత చక్కటి తపాలా వ్యవస్థ!

"అక్కడి ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకుంటార్లే బావా" అని మా బావమరిది ఓదార్చాడు. కుదరదు. డిప్యూటీ స్పీకర్‌కే రాయాలని రాజ్యాంగంలో ఉన్నాక ఎవరో ఒకరు ఎలా తీసుకుంటారు? కాబట్టి స్పీడ్ పోస్టు చేయడమే మార్గం. పోస్ట్‌మ్యాన్ వెళ్తాడు, ఖాళీ కుర్చీ చూస్తాడు, కవరు మీద "మనిషి లేరు" అని రాసి పంపినవారికే తిప్పి పంపుతాడు. అంటే స్పీకర్ గారికే. వారు దాన్ని జాగ్రత్తగా ఫిరాయింపు పిటిషన్లు, అంటే పార్టీ మారిన సభ్యుల మీద అనర్హత వేటు వేయమనే అర్జీలు, దాచే బీరువాలో పెడతారు. తెలంగాణ స్పీకర్ గారి బీరువా తలుపు తట్టడానికి 2025 జులై 31న సుప్రీంకోర్టే రావలసి వచ్చింది, మూడు నెలల గడువు పట్టుకుని. ఢిల్లీ బీరువా అంతకన్నా పెద్దదే అయి ఉంటుంది.

ఆ ఉత్తరం మీద కూడా వారు వీలైనంత త్వరగా నిర్ణయం తీసుకుంటారు.