ఉద్దానంలో మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటన్న చర్చ ఏళ్ల తరబడి సాగుతోంది. భూగర్భ జలంలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి కానీ ఏదీ నిర్ధారణ కాలేదు. జబ్బు కిడ్నీలో ఏ భాగాన్ని ముందుగా దెబ్బతీస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఆ చర్చలో తగినంత చోటు దక్కలేదు. రోగిని సకాలంలో గుర్తించడానికి అన్నింటికంటే అక్కరకొచ్చేది ఆ ప్రశ్నేనని నా అభిప్రాయం.

పిడికిలి కంటే కాస్త పెద్దగా, సుమారు 150 గ్రాముల బరువుండే ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన వడపోత భాగాలు దాదాపు 10 లక్షలు ఉంటాయి. నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాలు చుట్టుకున్న గ్లోమెరులస్, దానిని ఆనుకుని పొడవైన నాళిక ఉంటాయి. గ్లోమెరులస్‌లన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. రక్తకణాలు, ప్రొటీన్లు దాదాపుగా రక్తంలోనే నిలిచిపోతాయి. ఆ ద్రవంలోంచి నీటిని, ఉప్పును, గ్లూకోజును తిరిగి రక్తంలోకి చేర్చి, చివరకు లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదిలే పని నాళికలది. ఈ పనికి ఎంతో శక్తి కావాలి. పైగా కిడ్నీ లోపలి పొరకు మామూలుగానే ఆక్సిజన్ తక్కువగా అందుతుంది కనుక, ఒంట్లో నీరు తగ్గి రక్తప్రసరణ మందగిస్తే నాళికలు త్వరగా దెబ్బతింటాయి. ఎండలో పనిచేసి, ఒళ్లునొప్పులకు మందుల షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకునేవారికి ఈ ముప్పు రెట్టింపవుతుంది. ఎందుకంటే చాలా నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలను కుంచింపజేస్తాయి.

మధుమేహంలో ముందుగా దెబ్బతినేది సాధారణంగా గ్లోమెరులస్. అప్పుడు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది, పరీక్షలో ప్రొటీన్ కనబడుతుంది, క్రమంగా బీపీ పెరుగుతుంది, కాళ్లకు వాపులు వస్తాయి. ఉద్దానంలోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ కనిపించే జబ్బు ప్రధానంగా నాళికలది, వాటి చుట్టూ ఉండే కణజాలానిది. తొలి దశలో మూత్రంలో ప్రొటీన్ చాలా తక్కువగా ఉంటుంది లేదా అసలే ఉండదు. బీపీ, షుగర్ కూడా చాలామందిలో మామూలుగానే ఉంటాయి. అలాంటి మనిషికి మూత్ర పరీక్ష చేసి ‘అంతా బాగుంది’ అని పంపేస్తే, జబ్బును గుర్తించగలిగిన మొదటి అవకాశం చేజారినట్టే.

అందుకే రక్తంలో క్రియాటినిన్ చూడాలి. అది కండరాల నుంచి వచ్చే, కిడ్నీలు వడగట్టి బయటకు పంపే వ్యర్థం; వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. అయితే ఆ అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. కొన్ని నెఫ్రాన్లు పోయినా మిగిలినవి అదనపు భారం మోస్తాయి కనుక, వడపోత సామర్థ్యం సగం వరకు తగ్గినా క్రియాటినిన్ మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు. క్రియాటినిన్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఉన్న పాతికేళ్ల యువకుడికి వడపోత వేగం లెక్క ప్రకారం నిమిషానికి 86 మిల్లీలీటర్ల దాకా వస్తే, అదే 1.2 ఉన్న అరవై ఏళ్ల మహిళకు 52 దగ్గరే ఆగుతుంది. ఈ వేగం మూడు నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. వయసు, లింగం కలిపి లెక్కించే ఈ ఈజీఎఫ్ఆర్ అంకె ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇచ్చే ప్రతి రిపోర్టు మీదా ఉండాలి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. రెండూ ఎంతో అవసరమైనవే. అయినా డయాలసిస్ దాకా వచ్చేసరికి ఆ రోగి కిడ్నీల్లో కాపాడుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. ఊళ్లలో ఇరవై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏటా రక్త పరీక్ష చేయడం, అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయడం ఆసుపత్రి కట్టడంతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

రక్తహీనత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎర్ర రక్తకణాల తయారీకి కావలసిన ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ను తయారుచేసేది నాళికల చుట్టూ ఉండే కణాలే. అవి దెబ్బతింటే రక్తం తగ్గుతుంది. ఉద్దానంలో నీరసమంటూ వచ్చిన మహిళకు ఐరన్ మాత్రలిచ్చి పంపే ముందు క్రియాటినిన్ కూడా చూడాలి.