ముసుగు చేప దర్శనము

చేపను చూడటానికి చెప్పులు విప్పి, సెల్‌ఫోను నోరు నొక్కి, ముప్పావుగంట సేపు చీకటిగదిలో చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చిన సంగతిని పాఠకుల దృష్టికి తీసుకురావడం నా కర్తవ్యమని భావిస్తున్నాను. చేపల కోసం తెలుగువాడు తెగించడం కొత్త కాదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న జాతి మనది. అయితే పులస విషయంలో పుస్తెలు పోయినా ఆఖరికి ఒక ముక్క విస్తట్లో పడుతుంది. ఇక్కడ తోక కూడా కనపడలేదు.

ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి నాకు ఇరవై ఏళ్ల మిత్రుడు కనుక పేరు చెప్పను. హైదరాబాదు పడమటి అంచున ఇరవై ఏడో అంతస్తులో, సముద్రానికి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఆయన పదిహేను వందల లీటర్ల సముద్రాన్ని స్థాపించాడు. మంచినీటిని వడగట్టి అందులోని ఖనిజాలన్నీ తీసివేసి, ఆ తరువాత విదేశాల నుంచి డబ్బాల్లో వచ్చిన ఉప్పుపొడిని లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపి ఆ ఖనిజాలనే మళ్లీ లోపలికి పంపడం ఈ విద్యలో మొదటి పాఠం. నీరు వేడెక్కకుండా చిల్లరు, మురికిని నురుగుగా తోడెయ్యడానికి స్కిమ్మరు, అల పుట్టించడానికి ఒక మోటారు, ఆ మోటారు ఆగిపోతే ఏడ్చి చెప్పడానికి ఫోనులో ఒక యాప్ ఉన్నాయి. తొట్టెలోని రాళ్ల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయని తెలిసిన లాయరొకాయన మాలో ఉన్నాడు గానీ, ఆయన భోజనం ఇంకా కాలేదు.

ఈ సముద్రంలోకి ఇటీవల ఒక జంట వేంచేసింది. ఇంగ్లీషులో వాటిని మాస్క్‌డ్ ఏంజెల్ అంటారు. మనం ముసుగు చేప అనుకుందాం. హవాయి దీవుల దగ్గర తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ జాతిని 1975లో జాన్ రాండల్ అనే మత్స్య శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. తెల్లటి ఒళ్లు, మొహం మీద ఆడదానికి నల్ల ముసుగు, మగదానికి నారింజ ముసుగు. పుట్టినప్పుడు అన్నీ ఆడవే. గుంపులో పెద్దది కొంతకాలానికి మగదిగా మారి పెత్తనం అందుకుంటుంది. మనుషుల్లో పెత్తనం కోసం ఇంతకంటె పెద్ద మార్పులే చూశాం కనుక ఆ సంగతి మాకెవరికీ వింత అనిపించలేదు.

ఇక దర్శనం. వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది, ముహూర్తంతో సహా. మొత్తం పద్నాలుగు మందిమి వరుసలో నిలబడ్డాం. గృహస్థు పై అధికారి సకుటుంబంగా వచ్చినందున ఆయనకు బ్రేక్ దర్శనం, మాకు మహాలఘు దర్శనం అన్నారు. తలుపు తెరుచుకుంది. గదినిండా నీలికాంతి, ఏసీ చలి, మోటారు గొణుగుడు, ఎదురుగా గోడంత గాజు, గాజు వెనక కొండంత రాయి. చేప లేదు. "రాతి వెనక ఉన్నాయి," అని గృహస్థు గుసగుసగా చెప్పి, వాటి వెల చెప్పాడు. వెల విన్నాక మేమంతా రాతిని మరింత భక్తితో చూశాం. ఐదు నిమిషాలు గడిచాయి. "కొత్తవాళ్లను చూస్తే బిడియపడతాయి," అని మళ్లీ వెల చెప్పాడు. పదిహేనో నిమిషంలో, రిటైరయిన ఇంజనీరు ఒకాయన "అదిగో!" అన్నాడు. ఎక్కడని అడిగితే కుడివైపు రెండో రంధ్రమన్నాడు. వెంటనే మరో నలుగురికి కనబడింది. ఒకరికి నల్ల ముసుగు, ఒకరికి నారింజ ముసుగు, ఒకరికి రెండూ. వెనక వరుసలోని ఒకావిడ అలవాటు కొద్దీ రెండు చేతులూ గాజుకు ఆనించి కళ్లకద్దుకున్నారు. వేలిముద్రలు పడ్డాయని గృహస్థు మెత్తటి గుడ్డ తెచ్చి తుడిచాడు, తుడుస్తూ ఆ గాజు వెల చెప్పాడు. లేజరు లైటుతో రాతి మీద ఎర్రచుక్క పెట్టి, నిన్న సరిగ్గా ఇక్కడే ఉన్నాయని చూపించాడు. చారిత్రక స్థలాల్లో గైడు "రాణీవాసం ఇక్కడ ఉండేది" అని ఖాళీ జాగా చూపించినట్టు. నలభై ఐదో నిమిషంలో "ఇక జరగండి, జరగండి" అన్నాడు. బయటకు వచ్చాక ప్రసాదం పెట్టారు. అపోలో ఫిష్.

దాన్ని నములుతూ అపురూపం అన్న మాట గురించి ఆలోచించాను. ముసుగు చేప హవాయి ప్రధాన దీవుల దగ్గర అరుదు, ఉన్నా బాగా లోతున ఉంటుంది. కాని వాయవ్య దిక్కున మిడ్వే అనే దీవి వైపు వెళితే అది మన పెరటి పిచ్చుకలాగా మామూలు చేప. క్లిపర్టన్ ఏంజెల్ అని మరొకటి ఉంది. ఈ మోజు ఉన్నవారు దాని పేరు చెబితే కళ్లు మూసుకుంటారు. మెక్సికోకు వెయ్యి కిలోమీటర్ల అవతల పసిఫిక్ సముద్రంలో క్లిపర్టన్ అనే ఒక్క పగడపు దీవి చుట్టూ మాత్రమే అది బతుకుతుంది. అక్కడ మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఆ దీవిలో మనుషులు కాపురముండరు కనుక దాన్ని అపురూపమని పిలిచేవాడు అక్కడ లేడు, అంతే. అంటే మనవాళ్లు చేప అనుకుని కొంటున్నది చాలావరకు రవాణా ఖర్చు. పెప్పర్‌మింట్ ఏంజెల్ సంగతి కొంత వేరు. 1992లో పేరు పెట్టుకున్న ఆ ఎరుపు తెలుపు చారల చేప అరచెయ్యంత కూడా ఉండదు. పసిఫిక్‌లోని కుక్ దీవుల్లో రారొటోంగా అనే దీవి దగ్గర, మామూలు ఈతగాళ్లు పోలేని లోతుల్లో ఉంటుంది. వదిలిన ఊపిరినే శుద్ధిచేసి మళ్లీ అందించే యంత్రాలు తగిలించుకుని, ప్రాణాలకు తెగించి దిగితే ఒకటో రెండో దొరుకుతాయి. దాని విషయంలో పాతిక ముప్ఫయి వేల డాలర్ల మాట వినబడుతూ ఉంటుంది. మన రూపాయల్లో అది సొంతవూళ్లో డాబా.

గృహస్థు మనసులోని అసలు బాధ భోజనాల దగ్గర బయటపడింది. ఈ ముసుగు చేపలను హవాయిలోనే కొందరు తొట్టెల్లో గుడ్డు నుంచి పెంచి అమ్మారట. "పెంచినవి ఫారం కోళ్లండీ. మావి నాటువి," అన్నాడు ఆయన, ముక్క నంజుకుంటూ. ఆ జాతి నిండుగా ఉన్న వాయవ్య హవాయి దీవులను 2006లోనే అమెరికా ప్రభుత్వం రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించింది కనుక, మావాడి మాట నిజమైతే ఆ చేపలు ఎక్కడివన్న ప్రశ్న వస్తుంది, అబద్ధమైతే పరువు పోతుంది. రెండింటిలో ఆయన ధైర్యంగా మొదటిదాన్నే ఎంచుకున్నాడు. "ప్రతివాడూ పెంచడం మొదలుపెడితే ఇక మనకున్న విలువేమిటి?" అని ఆయన నిట్టూర్చినప్పుడు, ఆ 'మనకు' అన్న మాటలో చేపలు లేవని గమనించాను.

పెంచడం అంటే ఏమిటో ఆయనకు తెలియదని నా ఆరోపణ. క్లౌన్ చేప రాతికి గుడ్లంటించి, తండ్రిచేత కాపలా కాయిస్తుంది. దాని పిల్లలు పుట్టుకతోనే బలంగా ఉంటాయి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు వాటిని ఎప్పుడో పెంచి చూపించారు. ఏంజెల్ చేపల కథ అలా ఉండదు. పొద్దు గూకే వేళ జంట నీటి పైకి లేచి, ఒక్క క్షణంలో గుడ్లు వదిలి కిందికి దూకుతుంది. మిల్లీమీటరు కూడా లేని ఆ గుడ్లు గాజుపూసల్లాగా పైకి తేలిపోతాయి. ఒక రోజులో పగులుతాయి. వచ్చిన పిల్లకు కన్ను ఉండదు, నోరు ఉండదు. రెండు మూడు రోజులు సొన మీద బతుకుతుంది. నోరు తెరుచుకున్న పూట, మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని జీవం దాని ఎదుట ఈదుతూ ఉండాలి, లేకపోతే మర్నాటికి తొట్టె ఖాళీ. ఆ తిండి కోపిపాడ్ అనే నలుసంత జలచరం పిల్ల. ఇలాంటి నలుసు పిల్లలను నాప్లీలు అంటారు. ఆ కోపిపాడ్లను బతికించడానికి పచ్చటి నాచునీళ్లు పెంచాలి, ఆ నాచు చావకుండా మరొకటి చూసుకోవాలి. ఒక చేపపిల్ల కోసం మూడు సంసారాలు. 2000ల తొలి ఏళ్లలో హవాయిలో ఫ్రాంక్ బెన్ష్ అన్న పెంపకందారు ఫ్లేమ్ ఏంజెల్ వంటి మరుగుజ్జు జాతులను ఇలా పెంచి చూపించేదాకా ఇది కాదులే అనుకున్నవారే ఎక్కువ. వేల గుడ్లకు పదుల్లో పిల్లలు మిగిలినా పండగ చేసుకునే పని అది. రాత్రి రెండింటికి లేచి భూతద్దంతో బకెట్టులోకి చూసే ఆ మనిషి ఫారం కోళ్లవాడు; క్రెడిట్ కార్డు గీకినవాడు ప్రకృతి ప్రేమికుడు.

ఇంతవరకు నేను నవ్వుతూనే ఉన్నాను. కాని ఐస్‌క్రీము దగ్గర ఆయన ఒక మాటన్నాడు. ఈ జంటను దించే ముందు నీళ్లు కుదురుకున్నాయో లేదో చూడటానికి పదకొండు చౌకరకం ఏంజెల్ చేపలను వదిలాడట. "ట్రయల్ బ్యాచ్. తొమ్మిది పోయాయి. నష్టమేం లేదు, వాటి ఖరీదెంతని?" అన్నాడు. ఫిలిప్పీన్స్ సరుకట. ఆ దేశంలో 1960ల నుంచి ఇలాంటి చేపలను ఎలా పట్టేవారో ఈ మోజుపరులందరికీ తెలుసు. సోడియం సయనైడ్ బిళ్లలను సీసాలో కలిపి, పగడాల సందుల్లోకి చిమ్మి, స్పృహ తప్పి తేలిన చేపను గుప్పిట పట్టేవారు. నిషేధం పెట్టాక కూడా ఆ సీసా పూర్తిగా మాయం కాలేదు. చేప కళ్లు తెరిచినా పగడం చచ్చి తెల్లబడుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు లాంటిదానికి ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి, దాన్ని పళ్లమధ్య కరుచుకుని దిగిన కుర్రవాడు గబుక్కున పైకి తేలితే నరాల్లో గాలిబుడగలు చేరి జీవితాంతం కాళ్లీడుస్తాడు. లోతునుంచి తెచ్చిన చేపకు కడుపులో గాలితిత్తి ఉబ్బితే సూదితో పొడిచి గాలి తీసి సంచిలో వేస్తారు. ఆ తొమ్మిదింటినీ ఎలా పట్టారో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. వెల తక్కువైన ప్రాణాన్ని నీళ్ల పరీక్షకు లిట్మస్ కాగితంలా వాడి, ఆ చెయ్యి కడుక్కుని వచ్చి మా చేత చెప్పులు విప్పించావు కదయ్యా! సిగ్గుండాలి. నీ అపురూపం ఎవడికి కావాలి? చచ్చిన తొమ్మిదింటిలో ఒక్కదాని రంగు గుర్తుందా నీకు? వెల గుర్తుంది. అది నాకు తెలుసు.

పాఠకులు మన్నించాలి. మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను.

ఆ సాయంత్రం అక్కడ పని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. గృహస్థుకు మేనబావ, భీమవరం అవతల రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. దర్శనం వరుసలో ఆఖరున నిలబడ్డాడు, చేప కోసం కాకుండా గొట్టాలకేసి చూశాడు. "గుడ్లు పెడుతున్నాయా బావా?" అని అడిగాడు. కొత్తకోడలి గురించి అడగకూడనిది అడిగినట్టు గృహస్థు ముఖం చిట్లించి, ఇవి అలాంటి చేపలు కావన్నాడు. "నాచునీళ్లూ నాప్లీలూ మాకు రోజూ ఉండేవే, కావాలంటే ఒక డబ్బా పంపిస్తా," అన్నాడు బావ. ఎవరూ బదులివ్వలేదు.

అతిథులు వెళ్లాక నేనూ బావా మిగిలాం. గృహస్థు తల్లిగారు చేపలగదిలోనే ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. కరెంటు పోతే ఆవిడ గదిలో ఏసీ ఆగిపోతుంది, చేపలగదిలో ఆగదు. అందుకని సాయంత్రాలు ఆవిడ అక్కడే జపం చేసుకుంటారు. సాయంత్రమంతా పద్నాలుగు మంది ఆవిడ ముందునుంచే నడిచారు, ఒక్కరూ పలకరించలేదు.

"నువ్వెప్పుడైనా చూశావా అత్తయ్యా వీటిని?" అని అడిగాడు బావ.

"చూడకేంరా, రోజూ చూస్తాను. ఇవాళ మీకోసం లైట్లు తియ్యలేదు గానీ, రోజూ ఏడింటికి మసకేస్తారు కదా, అప్పుడు రెండూ బయటికొస్తాయి. పసుపు మొహంది నల్లమొహందాన్ని ముక్కుతో పొడుస్తూ పైకి తోసుకుంటూ పోతుంది. పైదాకా పోయి రెండూ ఒక్కసారి గిర్రున తిరిగి కిందికొచ్చేస్తాయి. పొగలాగా ఏదో వదుల్తాయి."

బావ లేచి నిలబడ్డాడు. "ఎన్నాళ్లనుంచి?"

"నెలయ్యుంటుంది."

అతను తొట్టె కింది అలమర తెరిచి, నీళ్లు పొర్లి పడే చోట తగిలించిన వడపోత సంచీని విప్పి, దాని అడుగున పేరుకున్న జిగురును వేలితో తీసి దీపం కింద పట్టుకున్నాడు. ఈలోగా గృహస్థు లోపలికి వచ్చాడు. బావ చేతిలో సంచీ చూసి, "అబ్బ, వాసనొస్తోంది కదా? రోజు విడిచి రోజు మార్చమంటే పనమ్మాయి మార్చదు. అది సింకులో బాగా కడిగేసి పెట్టు బావా," అన్నాడు.