తవ్వవద్దు, లోపల తాతలున్నారు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని చెప్పుకోవడానికి మనకు మూతి ఒక్కటుంటే చాలు. జపాన్ వారు పద్ధతి గల మనుషులు. నెయ్యి గిన్నె ఏ మట్టిపొరలో దొరికిందో, ఆ పొర వయసెంతో, మ్యూజియంలో దాన్ని ఏ అరలో పెట్టారో కూడా చెబుతారు. అంత క్రమశిక్షణ ఉన్న దేశానికే తవ్వకాలు అచ్చిరాలేదంటే, ఈ శాస్త్రాన్ని అదుపులో పెట్టవలసిన అవసరం గురించి వేరే చెప్పాలా?

మొదట్లో వారికి ఈ బాధ లేదు. సూర్యదేవత అమతెరాసు వంశంలో పుట్టిన జిమ్ము చక్రవర్తి క్రీ.పూ. 660లో ఫిబ్రవరి 11న సింహాసనం ఎక్కాడు. తేదీతో సహా తెలిశాక తవ్వేదేముంది? 1940లో ఆ ముచ్చటకు 2,600 ఏళ్లు నిండాయని దేశమంతా పండుగ చేసుకుంది. తొలి చక్రవర్తుల కథలు తరువాతి వారి అల్లికలని రాసిన చరిత్రకారుడు త్సుదా సోకిచి పుస్తకాలను అదే ఏడాది నిషేధించి, ఆయనను కోర్టుకు ఈడ్చారు. యుద్ధంలో ఓడాక, పాఠ్యపుస్తకాల్లోని ఇటువంటి వాక్యాలపై పిల్లల చేతనే సిరా పూయించారు. అలా ఖాళీ అయిన చోటును నింపే భారం మట్టి మీద పడింది. 1947లో తోరో అనే చోట తవ్వకాలు మొదలుపెడితే రెండు వేల ఏళ్లనాటి వరిమళ్లు కనిపించాయి. కత్తి వదిలిన దేశానికి నాట్లు వేసే తాతలు! 1949లో ఇవాజుకులో పాతరాతియుగం పనిముట్లు తేలాయి. వాటి జాడ ముందుగా పట్టినవాడు, పులియబెట్టిన సోయా గింజలు తిరిగి అమ్ముకునే ఐజావా తదాహిరో.

ముప్ఫై వేల ఏళ్ల తాత దొరికాక ఆశ ఆగుతుందా? పొరుగున చైనా వారింట్లో లక్షల ఏళ్ల పెకింగ్ మానవుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడాయె.

ఈ లోటు తీర్చడానికే ఫుజిమురా షినిచి అవతరించాడు. పురావస్తు శాస్త్రం ఎక్కడా చదువుకోలేదు, కాని చెయ్యి పెడితే రాయి. జనం దానికి 'దేవుడి చెయ్యి' అని పేరు పెట్టారు. 1981లో జజరాగిలో నలభై వేల ఏళ్లు దాటిన తాత, 2000 నాటికి కమితకమొరిలో ఆరు లక్షల ఏళ్ల వాడయ్యాడు. పాఠ్యపుస్తకాలు రొప్పుతూ వెంట పరుగెత్తాయి. రాయి వయసును అది పడి ఉన్న అగ్నిపర్వత బూడిద పొరను బట్టి కడతారు. ఈ సూత్రంలోని ఔదార్యాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నవాడు ఆయనొక్కడే. 1986లోనే ఒడా షిజువో, చార్లెస్ కీలీ అనే ఇద్దరు పురావస్తు పండితులు అనుమానం వెలిబుచ్చారు. శుభమా అని తాతలు పుట్టుకొస్తుంటే పురుటింట్లో తుమ్మేవారి మాట ఎవరు వింటారు? 2000 నవంబరు 5న మైనిచి పత్రిక ఫోటోలు వేసింది. దేవుడి చెయ్యి పొద్దున్నే గుంట తీసి రాళ్లు పాతిపెడుతోంది. తీరా విచారిస్తే 150కి పైగా చోట్ల ఇదే వ్యవసాయం.

ఆయనను తిట్టేవారు ఒకటి మరిచిపోతున్నారు. ఆ రాళ్లలో చాలావరకు నిజంగా పాతకాలపు తాతలు చెక్కినవే. దేశం అడిగిన పొరలోకి వాటికి బదిలీ వేయించాడు, అంతే.

ఇటువంటి అనర్థాలకు సరైన విరుగుడు చక్రవర్తి గృహ వ్యవహారాల సంస్థ దగ్గరుంది. దాని కాపలాలో రాజవంశపు సమాధి స్థలాలు దాదాపు 900 ఉన్నాయి, వాటిలో తవ్వనివ్వరు. వాటిలో పెద్దది సకాయ్ నగరంలోని దైసెన్ దిబ్బ, పొడవు సుమారు అర కిలోమీటరు, ఆకారం తాళంచెవి రంధ్రం. అటువంటిదానికి తాళం వేయడంలో ఔచిత్యం ఉంది. 2019లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది కూడా. వారసులు కందకం అవతల నిలబడి చూడవచ్చు. 2008లో నారాలోని గోసాషి దిబ్బ మీదికి 16 మంది పండితులను రానిచ్చారు. కింది అంచున రెండున్నర గంటలు నడిచారు. గడ్డపార వెంట తేలేదు లెండి.

ఈ జాగ్రత్త అనవసరమని ఎవరైనా అంటే తకమత్సుజుక అనే పాత సమాధి సంగతి గుర్తుచేయాలి. 1972లో ఆ సమాధి గది తెరిస్తే గోడ మీది ఆడవాళ్ల దుస్తులు అచ్చం కొరియాలోని పాత కొగుర్యో రాజ్యపు బొమ్మల్లో లాగా ఉన్నాయి. తరువాత బొమ్మలకు బూజు పట్టి, 2007లో గదినే రాయి రాయిగా విడదీయవలసి వచ్చింది. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో ఎవరిని అడుగుతామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక 2001లో అకిహితో చక్రవర్తి స్వయంగా, తమ పూర్వీకుడు కమ్ము చక్రవర్తి తల్లి కొరియా రాజవంశపు ఆడపడుచేనని పాత గ్రంథంలో ఉన్నట్టు విలేకరుల ముందు చెప్పేశారు. అన్ని సమాధులకు తాళాలు వేసినవారికి ఈ ఒక్క తాళం గుర్తురాలేదు.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఆరో శతాబ్దపు కెయితై చక్రవర్తి సమాధి అని ఇబరాకి నగరంలో ఒక దిబ్బను సంస్థ భద్రంగా చూసుకుంటోంది. పండితుల్లో అత్యధికులు అది ఆయనకంటే పాతదని, అసలు సమాధి పక్క ఊరు తకత్సుకిలోని ఇమాషిరోజుక అని అంటున్నారు. ఈ రెండోది సంస్థ పట్టికలో లేదు కనుక హాయిగా తవ్వారు. వరుసలు వరుసలుగా మట్టిబొమ్మలు దొరికాయి. 2011లో దాన్ని పార్కు చేశారు. సెలవు రోజుల్లో పిల్లలు చక్రవర్తి గుండెల మీద పరుగులు తీస్తారు, పెద్దలు చాపలు పరుచుకుని అన్నాలు తింటారు. ఇబరాకిలో కంచె చెక్కుచెదరలేదు. లోపల పడుకున్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన ప్రశాంతతకు భంగం కలగకుండా చూస్తున్నారు.