కాగితం దొరక్కపోతే ఆగేది డబ్బే

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. విదేశీ కొనుగోలుదారు ఒక లాటు ఏ చెరువుదో చెప్పమన్నాడు. దాని కాటా చీటీ కోసం ఇద్దరు గుమస్తాలు రెండు రోజులు ఇనుప బీరువాలన్నీ తిరగేయడం దగ్గరుండి చూశాను. చివరికి దొరికింది. ఐసు నీళ్లకు తడిసి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) రాసిన చోట సిరా అలుక్కుపోయి ఉంది.

సంస్థ కాగితాలు, స్కాన్లు, మెయిళ్లు ఒకచోట భద్రపరిచి, ఎవరు చూడాలో, ఎన్నాళ్లు ఉంచాలో కనిపెట్టుకుని ఉండే ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఇలాంటి చోటే కావాలి. కానీ దాన్ని కొనిపించాలని యజమాని దగ్గరికి వెళ్లి మనవాళ్లు "రోజుకు ఇన్ని గంటలు మిగులుతాయండీ" అని మొదలుపెడతారు. గంట మిగిలితే గుమస్తా జీతం తగ్గుతుందా అని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఆయన పట్టించుకునే లెక్క వేరే ఉంది. కంటైనర్ సరుకు కోటి రూపాయలు అనుకుందాం. ఒక్క కాగితం లేక ఆ డబ్బు పది రోజులు ఆగితే, ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన దాదాపు 33 వేలు పోయినట్టే. పోయిన ఏడాది ఇలా ఎన్నిసార్లు ఆగిందో బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని రాయండి. ఆ ఒక్క పేజీ చాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల బ్రోచర్ అక్కర్లేదు.

తర్వాత చట్టం. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అమెరికా వెళ్లే ఫ్రోజెన్ సరుకు హాసప్ (ఆహార భద్రత తనిఖీల) రికార్డులు కనీసం రెండేళ్లు. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఖరారు చేసిన ట్రేసబిలిటీ నిబంధన, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూపాలన్నది, రొయ్యలకూ వర్తిస్తుంది. అడిగిన 24 గంటల్లో వివరాలు చూపాలి. అమలు గడువు 2028 జూలైకి జరిగింది కాబట్టి ఇంకా టైముంది. 1996 నవంబరు తుపాను చూసిన గోదావరి డెల్టాకు, ఈ రికార్డుల కాపీ ఒకటి డెల్టా బయట ఉండాలని వేరే చెప్పాలా?

ఖర్చు దాచొద్దు. లైసెన్సు ఒక్కటే చూపించి, పాత ఫైళ్ల స్కానింగు, పేర్లు పెట్టడం, ట్రైనింగు వదిలేస్తే ఆర్నెల్లకే నమ్మకం పోతుంది. అందుకే ఎగుమతి విభాగంతో మొదలుపెట్టి, పాత బీరువాల జోలికి తర్వాత వెళ్లమంటాను. కాటా దగ్గరి కుర్రాడు చీటీ తడవకముందే ఫోన్లో ఫోటో తీసి లాటు నంబరు కొట్టాలి. ఆ మొదటి ఆర్నెల్లూ అతని పక్కన ఒక మనిషిని ఉంచే జీతం కూడా లెక్కలో రాయండి.