క్రూడాయిల్ పొయ్యి మెసేజ్‌కి నా జవాబు

మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా బాబాయి. అంతకుముందు కాలేజీ స్నేహితుల గ్రూపులో, దానికన్నా ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను. పైన ఎర్రక్షరాల్లో ‘గ్యాస్ బండకు ఇక సెలవు’ అని, కింద ఒక పొయ్యి ఫొటో, వీడియో (చుట్ట చుట్టిన ఇనప గొట్టం, దాని అడుగున గిన్నె, పైన వేలాడే ప్లాస్టిక్ క్యానులోంచి సెలైన్ ట్యూబుతో చుక్కచుక్కగా దిగే క్రూడాయిల్, అంటే శుద్ధి చేయని ముడి చమురు), దాని కింద ఆరు పాయింట్లు, చివర ‘పదిమందికీ పంపండి’. పంపుతూనే ఉన్నారు. ఇంతకాలం ‘ఇది నమ్మకండి’ అని ఒక ముక్క రాసి ఊరుకున్నాను. ‘ఎందుకు నమ్మకూడదో చెప్పరా మరి’ అన్నాడు బాబాయి. న్యాయమైన ప్రశ్నే. చమురును శుద్ధి చేసే రిఫైనరీలో దాన్ని కాచే ఫర్నేసుల మెయింటెనెన్స్ చేసినవాణ్ణి, ఈ విషయంలో చూసీ చూడనట్టు ఉండలేను.

మెసేజ్ చెప్పేది ఇదీ. ఒకటి: పెట్రోలు, డీజిలు, గ్యాసు అన్నీ క్రూడ్‌లోంచే వస్తాయి కాబట్టి వాటన్నిటి శక్తీ అందులో ఉంటుంది, లీటరు క్రూడ్ ఒక సిలిండర్‌తో సమానం. రెండు: గొట్టాన్ని మంటలో చుట్టగా పెడితే క్రూడ్ మొత్తం ఆవిరై అచ్చం గ్యాస్‌లా నీలంగా మండుతుంది, పొగ రాదు. మూడు: క్రూడ్ దొరక్కపోతే మెకానిక్ షెడ్డులో తీసేసిన ఇంజనాయిల్ వాడుకోవచ్చు. నాలుగు: కాలిన గిన్నెలో నీటి చుక్కలు వేస్తే నీళ్ళు హైడ్రోజన్‌గా విడిపోయి మంట రెట్టింపవుతుంది. ఐదు: ఇది విదేశాల్లో ఎప్పుడో కనిపెట్టిన టెక్నాలజీ, ఆయిల్ కంపెనీలు తొక్కిపెట్టాయి. ఆరు: సిలిండర్ లేదు కాబట్టి పేలే ప్రమాదమే లేదు.

మొదటిది లెక్క వేస్తే తేలిపోతుంది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి దాదాపు 650 మెగాజౌళ్ళు. లీటరు క్రూడ్‌లో ఉండేది 37 అటూ ఇటూ. ఒక బండకు సరితూగాలంటే పదిహేడు లీటర్ల పైచిలుకు కావాలి, అదీ ప్రతి చుక్కా శుభ్రంగా మండితే. అసలు క్రూడ్‌ను లీటర్ల లెక్కన ఏ కొట్లో అమ్ముతున్నారు? కోనసీమలో బావులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఆ చమురు పైపుల్లో, ట్యాంకర్లలో వెళ్ళిపోతుంది, క్యాను పట్టుకెళ్తే పోసి ఇవ్వరు. విడదీస్తేగానీ వాడుకోలేం కాబట్టే అక్కడి తాటిపాకలో చిన్నదైనా సరే ఒక రిఫైనరీ పెట్టారు.

ఐదోదాని మీద ఎక్కువ సమయం వృథా చెయ్యను. నూనెను ఆవిరి చేసి మండించే పొయ్యిని స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లోనే తయారుచేశాడు. అదే ప్రైమస్. మన ఇళ్ళలో గాలి కొట్టి వెలిగించిన పంపు స్టవ్వు ఆ వంశందే. కంపెనీలు తొక్కిపెట్టిన రహస్యం మన అమ్మమ్మల వంటింట్లో అన్నేళ్ళు ఎలా ఉందో ఆ మెసేజ్ రాసినవాళ్ళే చెప్పాలి.

ఇక రెండోది. మెసేజ్ అంతా దీని మీదే నిలబడింది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పంపు స్టవ్వునే గుర్తు తెచ్చుకోండి. ముందు బర్నర్ కింద గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి అంటించేవాళ్ళు. బర్నర్ బాగా కాలాక గాలి కొడితే, కిరసనాయిలు ఆ వేడి గొట్టాల్లో ఆవిరై, సన్నటి నాజిల్ రంధ్రంలోంచి బుస్సుమంటూ వచ్చి, గాలితో కలిసి నీలంగా మండేది. మంట ఎర్రబడితే పిన్ను పెట్టి నాజిల్ పొడిచేవాళ్ళు. పొడవాల్సిన అవసరం ఎందుకొచ్చేది? రంధ్రంలో మసి పేరుకునేది కాబట్టి. అదీ 300 డిగ్రీల లోపే పూర్తిగా ఆవిరైపోయే, శుద్ధి చేసిన నూనెతో.

క్రూడ్ అలాంటిది కాదు. అందులో 40 డిగ్రీలకే ఎగిరిపోయే భాగాలున్నాయి, 500 దాటినా కదలని భాగాలూ ఉన్నాయి. రిఫైనరీలో దాన్ని ముందు నీళ్ళతో కడిగి ఉప్పు తీసేస్తాం. తర్వాతే ఫర్నేసులోకి పంపుతాం. అక్కడ కూడా 350, 370 డిగ్రీల దగ్గర ఆగిపోతాం. అంతకు మించి కాలిస్తే బరువు భాగాలు ఆవిరి కావడం మానేసి విరిగిపోతాయి, చివరికి బొగ్గు మిగులుతుంది. అందుకే అడుగున మిగిలినదాన్ని వాక్యూమ్ కింద, ఒత్తిడి తగ్గించి, మళ్ళీ ఆవిరి చేస్తారు. అప్పటికీ ఆవిరి కానిది తారుగా, కోక్ అనే గట్టి బొగ్గుగా బయటికి వస్తుంది. ఇన్ని జాగ్రత్తల మధ్య పనిచేసే ఫర్నేసులో కూడా షట్‌డౌన్ అప్పుడు ట్యూబు కోసి చూస్తే, పాలగిన్నె అడుగంటినట్టు లోపలి గోడంతా నల్లటి కోక్ పట్టి ఉంటుంది. గీకితే రాదు. ఉలి పెట్టి సుత్తితో కొడితే పెచ్చులు పెచ్చులుగా, మెరుస్తూ ఊడుతుంది. అంత లావు ట్యూబునే వదలనిది, ఫొటోలో కనిపిస్తున్న వేలెడు మందం గొట్టాన్ని వదులుతుందా?

జరిగేది చెప్తాను. ఎర్రగా కాలిన గొట్టంలోకి క్రూడ్ దిగగానే తేలిక భాగాలు ఆవిరై చక్కటి నీలం మంట వస్తుంది. వీడియో అక్కడ ఆపేస్తారు. ఆ తర్వాత మంట పసుపెక్కుతుంది, అంటే మండని కార్బన్ కణాలు వేడెక్కి మెరుస్తున్నాయన్నమాట. పైన పెట్టిన వంటగిన్నె అడుగు నల్లబడుతుంది. లోపల కోక్ పేరుకుంటూ పోయి ఒకచోట గొట్టం పూడుకుపోతుంది. పిన్నుతో పొడిస్తే పోయే పూడిక కాదది. దాని వెనక నూనె ఇంకా మరుగుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడి ఎటు పోవాలి?

క్రూడ్‌లన్నీ ఒక్కలా ఉండవు కూడా. రాజస్థాన్ బార్మర్ దగ్గర మంగళ అనే చమురు క్షేత్రంలో వచ్చే క్రూడ్‌లో మైనం ఎంత ఎక్కువంటే, మామూలు వేడికే గడ్డకడుతుంది. దాన్ని గుజరాత్‌కు చేర్చడానికి 600 కిలోమీటర్లకు పైగా పైపును దారి పొడవునా వేడి చేస్తూ పంపుతున్నారు. అలాంటిదాన్ని మెసేజ్‌లో చెప్పినట్టు సెలైన్ ట్యూబు తగిలించి చుక్కచుక్కగా దింపుతారట!

ఇంకా నమ్మకం కుదరకపోతే క్రూడ్ చేతికి అందేంత దగ్గర్లో ఉన్నవాళ్ళు ఏం చేశారో చూడండి. యుద్ధ కాలంలో సిరియాలోని దేర్ అజ్‌జోర్ చుట్టుపక్కల జనం పీపాల్లో క్రూడ్ మరిగించారు. నైజీరియాలో నైజర్ డెల్టా ఊళ్ళలో దొంగచాటుగా అదే పని చేస్తున్నారు. వాళ్ళంతా ముందు దాన్ని మరిగించి, కిరసనాయిలు, డీజిలు వేరు చేసుకుని, వాటిని వాడుకున్నారు. గత్యంతరం లేనివాళ్ళే క్రూడ్‌ను నేరుగా వాడకుండా అంత శ్రమపడ్డారు. ఆ మరిగించే పనికే ఎందరో ఒళ్ళు కాల్చుకున్నారు. 2016 చివరి నుంచి ఆ డెల్టాలోని పోర్ట్ హార్కోర్ట్ నగరం మీద నల్లటి మసి రాలుతూ వచ్చింది. ఆ మసి మన వంటింట్లోకి తెచ్చుకుందామంటున్నారు.

మూడోది, పాత ఇంజనాయిల్. ఇది ఆవిరి కావడానికి ఇంకా మొండికేస్తుంది. ఇంజన్ వేడికి ఆవిరైపోకూడదనే కదా దాన్ని అలా తయారుచేసింది? పైగా అందులో అదనంగా కలిపిన జింకు, ఫాస్ఫరస్ రసాయనాలు, ఇంజన్ అరుగుదలలో వచ్చిన లోహపు పొడి, క్యాన్సర్ కలిగించే సమ్మేళనాలు ఉంటాయి. మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వాలి. దాని మంట మీద పుల్కాలు కాల్చి పిల్లలకు పెట్టమని ఎవరో రాస్తే, మన చదువుకున్నవాళ్ళు దండం పెట్టే బొమ్మ జోడించి మరీ ఫార్వర్డ్ చేస్తున్నారు!

నాలుగోది, నీళ్ళు. నీటిని వేడితో విడగొట్టాలంటే రెండువేల డిగ్రీలు దాటించినా కొద్ది భాగమే విడిపోతుంది. విడగొట్టడానికి ఎంత ఖర్చయిందో, మళ్ళీ మండితే అంతే తిరిగొస్తుంది. అదనంగా ఒక్క చెంచా వేడి కూడా రాదు. కానీ ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నీటి ఆవిరి కలిస్తే నూనె మంట శుభ్రపడటం నిజం. రిఫైనరీలో మిగులు గ్యాస్‌ను కాల్చేసే ఎత్తైన గొట్టం (ఫ్లేర్) మంటలో పొగ తగ్గించడానికి ఆవిరినే పంపుతాం. వీడియోలో నీళ్ళు తగలగానే మంట తెల్లబడటం బహుశా బూటకం కాదు. దానికి చెప్పిన కారణం తప్పు, చేసిన పద్ధతి ప్రాణాంతకం. ఆవిరిని విడిగా తయారుచేసి మంటలోకి పంపడం వేరు, మరిగే నూనెలో నీళ్ళు వెయ్యడం వేరు. లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. నూనె అడుగుకు దిగిన నీళ్ళు ఒక్కసారి ఆవిరైతే, పైనున్న మండే నూనెనంతా ఎత్తి గదిలో చల్లుతాయి. గారెలు వేసేటప్పుడు తడి చెయ్యి విదిలిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళే ఇది పంపుతున్నారు. ఆశ్చర్యంగా ఉంది.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చిక్కటి నూనెను శుభ్రంగా మండించడం అసాధ్యమేమీ కాదు. 1880ల్లో రష్యాలో ఉర్క్‌హార్ట్ అనే ఇంజనీరు చమురు శుద్ధిలో మిగిలిన మడ్డితో రైలింజన్లు నడిపించాడు. అమెరికాలో బాబింగ్టన్ అనే ఆయన 1960ల చివర్లో ఇంకా తెలివైన బర్నర్ తయారుచేశాడు. గుండ్రటి లోహపు బంతి మీదుగా నూనె పలచగా జారుతుంటే, బంతికున్న సన్నటి రంధ్రంలోంచి గాలి దూసుకొచ్చి దాన్ని మంచులా చిమ్ముతుంది. నూనె ఆ రంధ్రంలోంచి పోదు కాబట్టి పూడుకుపోయే గొడవే లేదు. కానీ ఈ రెండింటిలోనూ నూనెను ఆవిరి చెయ్యరు, తుంపరగా కొడతారు. నీటి ఆవిరో గాలో దాన్ని బలంగా చిమ్మాలి, ఇటుకలు పేర్చిన ఫైర్‌బాక్సో మరో దహన గదో ఉండాలి, మంట ఆరితే నూనె ఆపే ఏర్పాటు ఉండాలి. మెసేజ్‌లోని చుట్ట గొట్టానికీ దానికీ పోలికే లేదు.

ఇక ఆరోది. నాకు కోపం తెప్పించేది ఇదే, మిగతా ఐదూ కలిపినా దీనంత చెడ్డవి కావు.

‘సిలిండర్ లేదు కాబట్టి పేలదు.’ సిలిండర్ ఎందుకు అంత మందం ఉక్కుతో చేస్తారు? రెగ్యులేటర్, వాల్వు ఎందుకు? లీకైతే తెలియాలని గ్యాస్‌కు ఆ వాసన ఎందుకు కలుపుతారు? ఇవన్నీ ప్రమాదాన్ని ఆపడానికి. మెసేజ్ రాసినాయన వాటన్నిటినీ తీసేసి, ప్లాస్టిక్ క్యాను గోడకు మేకు కొట్టి వేలాడదీసి, ప్రమాదం పోయిందంటున్నాడు. తేలిక భాగాలు ఎక్కువున్న క్రూడ్ 23 డిగ్రీల లోపే అంటుకునే ఆవిరి వదులుతుంది, అంటే చట్టం లెక్కలో అది పెట్రోలు తరగతి. మన ఎండాకాలంలో వంటిల్లు 40 డిగ్రీలుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, నేలబారుగా పాకుతుంది, గడప దాటి దేవుడి గదిలో దీపం దాకా వెళ్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైన్ నుంచి లీకైన గ్యాస్ తెల్లవారుజామున ఇళ్ళ మధ్య పరుచుకుని అంటుకుంటే 20 మందికి పైగా చనిపోయారు. ఈ మెసేజ్‌ను కోనసీమ గ్రూపుల్లో పంపేవాళ్ళు ఆ ఊరిని ఒక్కసారి తలచుకోండి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది మంట ఆరిపోయే క్షణం. కిటికీలోంచి గాలి వీచి మంట ఆరిందనుకోండి. పొయ్యిలోని గిన్నె ఇంకా ఎర్రగానే ఉంటుంది. పైన వేలాడే క్యానుకు మంట ఆరిన సంగతి తెలియదు, నూనె దిగుతూనే ఉంటుంది. దిగింది దిగినట్టు ఆవిరై తెల్లటి పొగ లేస్తుంది. అది పొగ కాదు, మండని ఇంధనం. వంట చేస్తున్నావిడ ‘అయ్యో, ఆరిపోయిందే’ అని వంగి అగ్గిపుల్ల గీస్తుంది. మంట ముందు తగిలేది ఆవిడ ముఖానికి, తర్వాత పాలియెస్టర్ చీర కొంగుకి. పంపు స్టవ్వుల రోజుల్లో మన పెద్దాసుపత్రుల బర్న్స్ వార్డుల్లో ఎందరు ఆడవాళ్ళు పడి ఉండేవాళ్ళో పాత నర్సుల్ని అడగండి. ‘స్టవ్వు పేలింది’ అన్న మాట చాటున అత్తింటి హత్యలు దాచిన కేసులున్నాయి, నిజమే. నిజంగా స్టవ్వు పేలినవీ తక్కువేం కాదు. ఈ మెసేజ్ పంపేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఆ పొయ్యి ముందు రోజూ నిలబడేది ఎవరు?

బండ ధర చూసి వేరే దారి వెతుక్కునేవాళ్ళను నేను ఒక్క మాట అనను. ఆ ఖర్చు నిజం, ఆ ఇబ్బంది నిజం. దారి కావాలంటే ఇండక్షన్ పొయ్యి ఉంది, పశువులుంటే గోబర్ గ్యాస్ ఉంది. గొట్టం మందం ఎంతుండాలి, ఎన్ని చుట్లు చుట్టాలి అని నన్ను విడిగా అడుగుతున్నవాళ్ళకు మాత్రం చెప్పను, ఎన్నిసార్లు అడిగినా.

ఇప్పటికే ఎవరైనా తయారుచేసి ఉంటే, ముందు నూనె వాల్వు కట్టేయండి, క్యానును ఇంటి బయటికి చేర్చండి. మంట ఆరితే గిన్నె పూర్తిగా చల్లారేవరకు అగ్గిపుల్ల గీయొద్దు, దాని మీదికి వంగొద్దు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మూత పెట్టండి లేదా ఇసుక చల్లండి. ఒళ్ళు కాలితే టూత్‌పేస్టు, సిరా పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచి, 108కి ఫోన్ చేయండి.