వడ్ల బస్తాలు లెక్కబెడితే అన్నం లెక్క తేలదు

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆవరణలో సీజన్ వచ్చిందంటే వడ్ల బస్తాలు గుట్టలుగా పేరుకుంటాయి. వాటిని లెక్కబెట్టి ఊళ్లో ఎంత అన్నం ఉడికిందో చెప్పబోతే ఎవరైనా నవ్వుతారు. జన్యువులోని సమాచారాన్ని ప్రొటీన్ తయారీకి మోసుకెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను కణంలో కొలిచి, అంతే ప్రొటీన్ తయారై ఉంటుందని ఊహించడం కూడా అలాంటిదే. రోగనిరోధక కణాల దగ్గర ఈ ఊహ మరీ ఎక్కువగా దెబ్బతింటుంది.

ఒకసారి రోగకారకాన్ని ఎదుర్కొని శరీరంలో నిలిచిపోయిన జ్ఞాపక టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు), రోగకారకంపై ఆయుధంగా వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్‌కు సంబంధించిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను ముందే సిద్ధం చేసుకుని ఉంటాయి, ప్రొటీన్‌ను మాత్రం తయారుచేయవు. ఆ ఆర్‌ఎన్‌ఏ తోక భాగంలో అడెనిన్, యురాసిల్ అక్షరాలు దట్టంగా ఉన్నచోట జెడ్‌ఎఫ్‌పీ36ఎల్2 అనే ప్రొటీన్ అంటుకుని అనువాదాన్ని, అంటే ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రొటీన్ తయారుచేసే పనిని, ఆపుతుందని 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుకలపై జరిపిన ప్రయోగాలతో చూపారు. రోగకారకం మళ్లీ ఎదురైనప్పుడు ఆ పట్టు సడలుతుంది. జన్యువు నుంచి కొత్తగా రాసుకునే పని లేదు కాబట్టి కణం వేగంగా స్పందిస్తుంది.

ఇలా అడ్డుపడే ప్రొటీన్లలో మరొకటి నాకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించింది. గ్లైకాలిసిస్ దశలను బట్టీపట్టే ప్రతి విద్యార్థికీ పరిచయమైన జీఏపీడీహెచ్ ఎంజైమే, చక్కెరను విడగొట్టే పని తక్కువగా ఉన్నప్పుడు, ఇంటర్‌ఫెరాన్ గామా ఆర్‌ఎన్‌ఏకు అంటుకుని అనువాదాన్ని తగ్గిస్తుందని 2013లో తేలింది. కణం ఎంత చురుగ్గా ఇంధనం వాడుతోందన్నదే అది ఎంత ఆయుధం తయారుచేయాలో కొంతవరకు నిర్ణయిస్తోందన్నమాట.

నిల్వ ఉంచుకోవడం వేగం కోసమైతే, దానికి తాళం వేయడం ఆత్మరక్షణ కోసం. వాపును కలిగించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ జన్యువులో ఈ అడెనిన్, యురాసిల్ భాగాన్ని తొలగించిన ఎలుకలకు దీర్ఘకాలిక కీళ్లవాపు, పేగుల వాపు వచ్చాయని 1999లోనే వెల్లడైంది. అక్కడ ఆ ఆర్‌ఎన్‌ఏ త్వరగా నశించకపోవడం, అనువాదంపై అదుపు తప్పడం, రెండూ కలిశాయి. ప్రొటీన్ నిర్మాణాన్ని నిర్దేశించే భాగం చెక్కుచెదరలేదు, పాడైంది తోకలోని అదుపు మాత్రమే.

మన ఇంటర్ రెండో సంవత్సరంలో అనువాదాన్ని వృక్షశాస్త్రంలోనూ, రోగనిరోధక వ్యవస్థను జంతుశాస్త్రంలోనూ చదువుతారు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఈ రెండు పాఠాలూ ఒకే కణంలో జరిగే పనుల గురించేనని విద్యార్థికి తట్టే అవకాశం తక్కువ. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, దాని నుంచి ప్రొటీన్ అని గీసే బాణాల మధ్య ఒక తాళం బొమ్మ కూడా గీయాలని నా అభిప్రాయం. మార్కులు రాకపోవచ్చు, విషయం మాత్రం అర్థమవుతుంది.

వైద్యంలో ఆర్‌ఎన్‌ఏకూ ప్రొటీన్‌కూ మధ్య ఉన్న ఈ తేడా ఎంత ముఖ్యమో క్షయ పరీక్ష ఒకటి చూపుతుంది. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇస్తే శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి ముందుగా దాన్ని పరీక్షిస్తారు. అందుకు వాడే పరీక్షల్లో ఒకదానిలో రోగి రక్తాన్ని క్షయ బ్యాక్టీరియా యాంటిజెన్లతో (రోగనిరోధక కణాలు గుర్తుపట్టే దాని భాగాలతో) 16 నుంచి 24 గంటలు ఉంచి, కణాలు బయటికి వదిలిన ఇంటర్‌ఫెరాన్ గామాను కొలుస్తారు. కణంలో ఎంత ఆర్‌ఎన్‌ఏ నిల్వ ఉందన్నది ఆ పరీక్ష అడగదు.