చందుర్తి పొలంలో ఎర్ర కోట్లు: ఒక చిన్న బొమ్మకు రంగు వేయాలంటే ఎంత చరిత్ర కావాలి?

నా బల్ల మీద ఒక సిపాయి బొమ్మ ఉంది. ఎత్తు అంగుళం కంటే కాస్త ఎక్కువ. భుజాన తుపాకీ, తలకు పాగా, మోకాళ్ల పైకి ఉండే పొట్టి లాగు. ఒంటి మీద కోటు ఉంది కానీ దానికింకా రంగు లేదు. ఏ రంగు వేయాలి? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను మూడు వారాలు ఆగిపోయాను. ఆ మూడు వారాల్లో చదివినంత శ్రద్ధగా మన జిల్లాల చరిత్రను అంతకుముందు ఎప్పుడూ చదవలేదు.

చారిత్రక వార్‌గేమింగ్ మన దగ్గర చాలామందికి తెలియని సరదా. బల్ల మీద ఒక పాత యుద్ధభూమిని తయారు చేస్తారు. కొండలు, వాగులు, ఊళ్లు అన్నీ ఉంటాయి. దాని మీద రెండు సైన్యాల బొమ్మలు నిలబెట్టి, కొలబద్దతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఆ యుద్ధాన్ని మళ్లీ ఆడతారు. బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్ల సైజులో ఉంటాయి. కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని లోహంవి. చాలా బొమ్మలు విడివిడి ముక్కలుగా వస్తాయి. చేతులు, తల, సంచి అతికించి, ఆపైన రంగు వేసుకోవాలి. ఆట ఒక సాయంత్రంలో అయిపోతుంది, బొమ్మల పని నెలలు పడుతుంది. నా వరకు ఈ సరదాకు ప్రాణం ఆ నెలల్లోనే ఉంది.

ఎందుకంటే, రాసేవాడికి తప్పించుకునే వీలుంది. ‘రెండు వేల మంది సిపాయిలు ముందుకు కదిలారు’ అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోవచ్చు. వాళ్ల కాళ్లకు చెప్పులున్నాయా, పాగా ఏ రంగుది, నీళ్ల కోసం ఏం తగిలించుకున్నారు అని ఎవరూ అడగరు. కుంచె పట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. బొమ్మ కాలి మీద ఏదో ఒక రంగు పడాలి కదా! చర్మం రంగు వేస్తే వట్టి కాళ్లతో నడిచాడని చెప్పినట్టు, నల్ల రంగు వేస్తే బూట్లు తొడిగినట్టు. ఏది వేసినా అది చరిత్ర గురించి ఒక మాట చెప్పడమే. పుస్తకాల్లో మనం ఎన్ని ఖాళీలు దాటుకుంటూ వచ్చామో ఇక్కడ బయటపడుతుంది.

నేను ఎంచుకున్నది చందుర్తి యుద్ధం. పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు ఇదొక బిట్టు ప్రశ్నగా గుర్తుంటుంది. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గర్లో, గొల్లప్రోలు వైపు, ఇంగ్లిషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ మధ్య జరిగింది. అంతకు ముందు ఏడాది జనవరిలో బొబ్బిలి కోట పడింది. విజయనగరం ప్రభువు విజయరామరాజును తాండ్ర పాపారాయుడు డేరాలోనే చంపాడు. ఆ తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకూ ఫ్రెంచివాళ్లకూ చెడింది. ఆయన విశాఖపట్నంలో వాళ్లను పట్టుకుని, కలకత్తాలో ఉన్న క్లైవుకు సాయం కోసం కబురు పంపాడు. క్లైవు కల్నల్ ఫోర్డును సముద్రం మీద పంపాడు. ఫోర్డు వెంట సుమారు ఐదు వందల మంది యూరోపియన్లు, రెండు వేల మంది బెంగాల్ సిపాయిలు వచ్చారు. అటువైపు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర యూరోపియన్లు దాదాపు అంతే, సిపాయిలు మాత్రం చాలా ఎక్కువ.

ఫోర్డు తన యూరోపియన్లను మధ్యలో పెట్టి, సిపాయిలను రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ల ముందు ఏపుగా పెరిగిన చేను ఉంది. వాళ్లు అందులో కనపడకుండా పోయారు. ఫ్రెంచివాళ్లకు కనిపించింది ఎడమ పక్కన ఎర్ర కోట్లు వేసుకుని నిలబడిన వరస. ఎర్ర కోటంటే తెల్లవాడే అన్నది వాళ్ల లెక్క. ఈ ప్రాంతంలో అప్పటిదాకా వాళ్లు చూసిన ఇంగ్లిషు సిపాయిలకు ఎర్ర కోట్లు లేవు. బెంగాల్‌లో క్లైవు తన సిపాయిలకు ఎర్ర కోట్లు తొడిగించిన సంగతి వాళ్ల దాకా రాలేదు. ఫ్రెంచి పటాలం తన బలమంతా ఆ సిపాయిల మీద పెట్టింది. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచామనుకున్న ఫ్రెంచివాళ్లు వరస చెదిరి తరుముకుంటూ పోతుంటే, చేనులోంచి అసలు యూరోపియన్లు బయటికొచ్చి పక్క నుంచి కాల్పులు జరిపారు. యుద్ధం అక్కడే తిరిగిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి దాకా ఆగకుండా పోయాడు. నాలుగు నెలలకు, 1759 ఏప్రిల్‌లో, బందరు కోట కూడా ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పెత్తనం దాంతో ముగిసింది.

నా మూడు వారాల ప్రశ్నకు ఇదీ జవాబు. ఆ బొమ్మ కోటు ఎరుపు. మామూలుగా బొమ్మల మీద రంగు అలంకారం, లేదంటే ఏ పటాలమో తెలిపే గుర్తు. చందుర్తిలో మాత్రం యుద్ధాన్ని మలుపు తిప్పింది ఆ రంగే. ఆ వరసకు తెల్ల కోట్లు వేసి ఆట ఆడితే, ఫ్రెంచివాళ్లు ఎందుకు పొరబడ్డారో ఆడేవాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇందులో మనకు సంబంధించిన ఇంకో ముడి ఉంది. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అని పిలిచారు. 1857లో ఢిల్లీ ఉర్దూ రాతల్లో కూడా ఆ మాటే ఉంటుంది. బెంగాల్‌లో మొదట దిగిన సిపాయిలు మద్రాసు వైపు నుంచి, తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల పేరే తర్వాత ఏ కులం, ఏ ఊరు వాడైనా కంపెనీ సిపాయి అయితే చాలు, అతనికి అంటుకుంది. క్లైవు 1757లో కలకత్తాలో కట్టిన పటాలానికి కోటు రంగును బట్టి ‘లాల్ పల్టన్’ అనే పేరొచ్చింది. మన పేరు మోస్తున్న సిపాయి, అక్కడి ఎర్ర కోటు తొడుక్కుని, మళ్లీ మన గోదావరి జిల్లాకే వచ్చి పోరాడాడు. ఈ సంగతి నాకు ఏ పాఠంలోనూ తగల్లేదు. కోటు రంగు వెతుక్కుంటూ పోతేనే తగిలింది.

ఇక పని సంగతి. ముందు బొమ్మను సబ్బునీళ్లలో కడగాలి, లేకపోతే అచ్చు నుంచి వచ్చిన జిడ్డు మీద రంగు నిలవదు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో గీకెయ్యాలి. ప్లాస్టిక్ ముక్కలకు ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే జిగురు కావాలి, లోహపు ముక్కలకైతే ఫెవిక్విక్ లాంటిది. తేమ ఎక్కువగా ఉన్న రోజు ఫెవిక్విక్ వాడితే అతుకు చుట్టూ తెల్లటి పొర పడుతుంది. వానాకాలంలో ఒకసారి తొందరపడి స్ప్రే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కొట్టాను. పన్నెండు మంది సిపాయిల ఒళ్లంతా ఇసుక చల్లినట్టు గరగరలాడింది. రంగు పోయేదాకా పళ్ల బ్రష్‌తో రుద్ది మళ్లీ మొదలుపెట్టాను. సముద్రం పక్క ఊళ్లో ఉండేవాళ్లు జూన్ నుంచి ప్రైమర్ కూడా కుంచెతోనే వేసుకోవడం మంచిది.

ఎరుపు మొండి రంగు. అంత చిన్న బొమ్మ మీద ఒకే ఎరుపు పూస్తే ముద్దలా కనిపిస్తుంది. ముందు ముదురు ఇటుక రంగు పూసి, మడతల లోపల దాన్ని అలాగే వదిలేసి, పైకి తేలిన చోట ఎరుపు వేయాలి. అంచులకు ఇంకా వెలుగు కావాలంటే తెలుపు కలపకూడదు, కలిపితే కోటు గులాబీ రంగైపోతుంది. చిటికెడు నారింజ కలపాలి.

ముఖం దగ్గర అంతకన్నా పెద్ద చిక్కు. చాలామంది పెయింటర్లు యూరోపియన్ సైనికుల ముఖాల మీద నాలుగైదు ఛాయలతో కష్టపడతారు. సిపాయిలకు వచ్చేసరికి ఒకే సీసాలోని గోధుమ రంగు అందరికీ పూసేస్తారు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. మా ఇంట్లో నలుగురు అన్నదమ్ములం పక్కపక్కన నిలబడితే ఏ ఇద్దరి ఛాయా ఒకటి కాదు. నేను ముదురు కాఫీ రంగుతో మొదలుపెట్టి, ఒకడికి పసుపు మట్టి రంగు, ఒకడికి కాస్త ఎరుపు, ఇంకొకడికి రెండూ కలిపి పైకి తెస్తాను. ఇక్కడా తెలుపు పనికిరాదు, ముఖం బూడిద పూసినట్టవుతుంది. బొమ్మ చేతిలో ఉన్నప్పుడు తేడా పెద్దగా తెలియదు. నూరు మంది వరసగా నిలబడ్డప్పుడు మాత్రం వాళ్లు మనుషుల గుంపులా కనిపిస్తారు. ఒక బొమ్మ ఇరవై మందికి లెక్క, కాబట్టి ఫోర్డు సిపాయిలందరికీ నూరు బొమ్మలు కావాలి.

ఇలాంటి చిన్న వివరాల కోసం పట్టుబట్టడం పెద్దవాళ్లను కూడా ఇబ్బంది పెట్టగలదు. విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1830లో, నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధానికి నమూనా చేసే పని చేపట్టాడు. నెలల తరబడి ఆ నేల మీదే ఉండి కొలతలు తీసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం ఏడు గంటల వేళ మీ దళం కచ్చితంగా ఎక్కడుంది, ముందు చేను ఉందా, దున్నిన నేల ఉందా అని యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. వచ్చిన జవాబులను బట్టి, బ్రిటిష్‌వాళ్లకు తోడుగా పోరాడిన ప్రష్యన్ల (జర్మన్ రాజ్యం వాళ్ల) సైన్యాన్ని చాలా ముందుకు పెట్టాల్సి వచ్చింది. గెలుపులో వాళ్ల వాటా పెద్దదిగా కనిపించే ఆ అమరిక బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కు నచ్చలేదు. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేసినా, 1838లో ఆ నమూనా లండన్‌లో ప్రదర్శనకు వచ్చింది. డెబ్భై వేలకు పైగా తగరపు బొమ్మలున్న ఆ నమూనాను ఇప్పటికీ అక్కడి నేషనల్ ఆర్మీ మ్యూజియంలో చూడొచ్చు. గెలుపు ఎవరిదన్న వాదన ఒక బల్ల మీద బొమ్మలు ఎక్కడ నిలబడాలన్న వాదనగా మారింది.

మరి మన యుద్ధాల సంగతి? వాటర్లూ బొమ్మలు కావాలంటే ఒక్కో పటాలానికి పెట్టెలకు పెట్టెలు దొరుకుతాయి, కోటు గుండీల వరసలతో సహా. బొబ్బిలి కోట మీద నిలబడిన వెలమ వీరుల బొమ్మలు నేను వెతికినంతలో ఎక్కడా దొరకలేదు. చందుర్తి కోసం నేను వేరే యుద్ధాల బొమ్మల తలలు కోసి, పాగాలు పుట్టీతో కట్టుకోవాల్సి వచ్చింది. కొనేవాళ్లు లేక చేయరు, చేయక కొనేవాళ్లు ఉండరు అంటారు. సగం నిజమే. రెండో సగం ఏమిటంటే, మనం అడగలేదు.

పనితనం మనకు కొత్తది కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసేవాళ్లు కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు కనపడకుండా మక్కుతోనే నునుపు చేసి, పైన తెల్లటి పూత వేసి, ఆరాక రంగులు దిద్దుతారు. అతకడం, పుట్టీ, ప్రైమర్, రంగు అన్నీ అదే వరసలో ఉన్నాయి చూడండి. ఏనుగు అంబారీని అంత ఓపికగా చేసే చేతులకు చందుర్తిలో ఫోర్డు పక్షాన నిలిచిన ఆనందరాజు (ఆనంద గజపతిరాజు) ఈటెగాళ్లను చేయడం ఎంత పని? గోదావరి జిల్లాలో ఏదో ఒక మ్యూజియంలో చందుర్తి నమూనా ఒకటి ఉండాలని, దాన్ని కొండపల్లి వాళ్లే చేయాలని నాకు గట్టి కోరిక. బడి పిల్లలకు ఆ చేను, ఆ ఎర్ర వరస చూపిస్తే బిట్టు ప్రశ్న ఇక బట్టీ పట్టక్కర్లేదు.

యుద్ధాన్ని ఆట బొమ్మగా మార్చడం తప్పు కాదా అని నా స్నేహితులు కొందరు అడుగుతారు. వాళ్ల ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నా అనుభవం మాత్రం ఇలా ఉంది. పుస్తకంలో ‘ఎడమ పక్క సిపాయిలు వెనక్కి తగ్గారు’ అని చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. రాత్రిళ్లు కూర్చుని ఒక్కొక్కడికి ముఖం దిద్దాక, ఆటలో పాచిక తప్పుగా పడి మొదటి వరస తీసి పక్కన పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. ఫ్రెంచి దెబ్బంతా మొదట తిన్నది వాళ్లే. వాళ్లలో ఒక్కడి పేరు కూడా మనకు మిగల్లేదు.

సిపాయిలు పూర్తయ్యారు. ఇప్పుడు చేను పని నడుస్తోంది. ఇంగ్లిషు రాతల్లో దాన్ని ‘ఇండియన్ కార్న్’ అన్నారు. ఇవాళ్టి లెక్కలో ఆ మాటకు మొక్కజొన్న అని అర్థం. కానీ 1758లో, గోదావరి నేలలో, డిసెంబరు నాటికి మనిషిని దాచేంత ఎత్తున నిలబడి ఉండేది జొన్నే అయి ఉంటుందని నా నమ్మకం. అందుకే చీపురు పుల్లలు ముక్కలు చేసి, చివర కొబ్బరి పీచు చుట్టి, బియ్యపు నూక అద్ది కంకులు కడుతున్నాను. ఇది నా ఊహ అని నమూనా పక్కన చీటీ మీద రాసి పెడతాను. ఆనందరాజు మనుషులు ప్రైమర్ పూతతో ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. కంపెనీ సిపాయిల్లా వాళ్లకు ఒకే రకం దుస్తులు లేవు కాబట్టి, ఒక్కొక్కడికీ వేరే పాగా, వేరే పంచె కట్టాలి.